లాస్కో: మూసేసిన గుహ కోసం లక్షల మంది ఎందుకు వెళ్తున్నారు? ఫ్రాన్స్ పల్లెల్లో టెంట్ సెలవులు మనకేం చెబుతాయి?

ఫ్రాన్స్‌కు నైరుతి వైపున మోంటిన్యాక్ అనే చిన్న ఊరుంది. దాని పక్కనే ఉన్న కొండలో లాస్కో గుహ ఉంది. అందులోని ఎద్దులు, గుర్రాలు, జింకల బొమ్మలు సుమారు 20 వేల ఏళ్ల నాటివని అంచనా. 1963 నుంచి ఈ గుహలోకి సాధారణ పర్యటకులను అనుమతించడం లేదు.

అయినా ఏటా లక్షల మంది ఆ ఊరికి వస్తూనే ఉన్నారు. కొండ కింద కట్టిన నకలు గుహను చూస్తారు. సాయంత్రానికి నది ఒడ్డున వేసుకున్న టెంటుకు చేరతారు. మర్నాడు ఒక కోట, ఆ మర్నాడు ఒక పల్లె సంత, మధ్యలో పడవ ప్రయాణం. వారం, పది రోజులు ఇలాగే గడుస్తాయి.

పైకి ఇది మామూలు వేసవి సెలవుల కథే. కానీ పర్యటకుల మీద బతికే చోట్లన్నింటికీ ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. జనం రాకపోతే ఊరికి ఆదాయం లేదు. జనం ఎక్కువైతే వాళ్లు చూడటానికి వచ్చిందే మిగలదు. మరి ఈ ప్రాంతం ఆ చిక్కును ఎలా ఎదుర్కొంది?

డోర్డోన్ ఎక్కడుంది?

ఫ్రాన్స్‌లో డిపార్ట్‌మెంట్ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. డోర్డోన్ అలాంటి ఒక డిపార్ట్‌మెంట్. బోర్డో నగరానికి తూర్పున ఉంటుంది. ప్రధాన పట్టణం పెరిగ్యూ. దీని విస్తీర్ణం 9 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. జనాభా మాత్రం 4 లక్షల చిల్లరే.

పాత పేరు పెరిగోర్. స్థానికులు ఇప్పటికీ ఆ పేరే ఎక్కువగా వాడతారు. పర్యటకుల కోసం దీన్ని నాలుగు రంగులుగా విడదీశారు. ఉత్తరాన అడవులు, పచ్చిక బయళ్లు ఉన్నది ఆకుపచ్చ పెరిగోర్. మధ్యలో సున్నపురాయి నేలలది తెల్ల పెరిగోర్. బెర్జెరాక్ చుట్టూ ద్రాక్ష తోటలున్నది ఊదా పెరిగోర్. ఓక్ చెట్ల చిక్కటి అడవులున్న ఆగ్నేయ భాగం నల్ల పెరిగోర్.

గుహలు, కోటలు, పేరున్న పల్లెలు చాలావరకు ఈ నల్ల పెరిగోర్‌లోనే ఉన్నాయి. ఇందుకు కారణం ఇక్కడి రాయి. సున్నపురాయిని నీరు సులువుగా కరిగిస్తుంది. లక్షల ఏళ్లపాటు వాననీరు ఇంకి, కొండల లోపల గుహలు ఏర్పడ్డాయి. డోర్డోన్, వెజేర్ నదులు అదే రాయిని కోసుకుంటూ పారడంతో ఒడ్డున నిటారైన గట్లు నిలిచాయి. ఆ గట్ల కింద ఆదిమానవులు తలదాచుకున్నారు. వాటి మీద మధ్యయుగాల ప్రభువులు కోటలు కట్టుకున్నారు. ఇళ్లకు వాడింది కూడా ఆ తేనెరంగు రాయే.

అంటే గుహ, కోట, పల్లె ఇక్కడ మూడు వేర్వేరు ఆకర్షణలు కావు. ఒకే రాయికి మూడు రూపాలు.

టెంట్ సెలవులు ఎలా మొదలయ్యాయి?

భారత్‌లో క్యాంపింగ్ అంటే ఎక్కువగా ట్రెకింగ్‌కు వెళ్లే యువతే గుర్తుకొస్తారు. ఫ్రాన్స్‌లో అది మధ్యతరగతి కుటుంబాల సెలవు. దీని వెనుక ఒక చట్టం ఉంది.

1936 జూన్‌లో అక్కడి పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవును హక్కుగా ఇచ్చింది. అదే ఏడాది రైలు టికెట్లపై 40 శాతం రాయితీ కూడా ప్రకటించింది. అప్పటిదాకా సముద్రతీరాన్ని చూడని కార్మికులు కూడా సైకిళ్ల మీద, రైళ్లలో బయల్దేరారు. హోటల్ గదికి డబ్బుల్లేనివారు టెంట్ వేసుకున్నారు.

ఆ తర్వాత సెలవులు పెరుగుతూ వచ్చాయి. 1956లో మూడో వారం, 1969లో నాలుగో వారం, 1982లో అయిదో వారం కలిశాయి. సెలవులతోపాటు క్యాంప్‌సైట్లూ పెరిగాయి. ఇప్పుడు ఫ్రాన్స్‌లో వేల సంఖ్యలో క్యాంప్‌సైట్లు ఉన్నాయి. వీటికి హోటళ్ల మాదిరిగానే ఒకటి నుంచి అయిదు వరకు నక్షత్రాలు ఇస్తారు.

క్యాంప్‌సైట్లలో రకాలున్నాయి. పంచాయతీ నడిపే మునిసిపల్ క్యాంప్‌సైట్లు సాదాగా, చవకగా ఉంటాయి. రైతులు తమ పొలంలో కొద్దిమందికే చోటిచ్చేవి మరో రకం. ఈత కొలనులు, ఆటస్థలాలు, చిన్న రెస్టారెంటు ఉన్న పెద్దవి ఇంకో రకం. టెంట్ లేనివాళ్లకు వంటగదితో సహా అన్నీ అమర్చిన చెక్క గదులు, మోబిల్ హోమ్‌లు అద్దెకు దొరుకుతాయి.

క్యాంప్‌సైట్‌లో రోజు ఎలా సాగుతుందన్నది కొత్తవాళ్లకు కాస్త వింతగా ఉండొచ్చు. రొట్టె ఎన్ని కావాలో ముందురోజు సాయంత్రమే రిసెప్షన్‌లో రాయించాలి. పొద్దున్నే వెళ్లి తెచ్చుకోవాలి. స్నానాల గదులు, గిన్నెలు కడుక్కునే సింకులు ఉమ్మడిగా ఉంటాయి. రాత్రి పది దాటితే గట్టిగా మాట్లాడకూడదు. ఈత కొలనులోకి వదులు నిక్కర్లతో దిగనివ్వరు. ఒంటికి అంటుకునే ఈత దుస్తులే వేసుకోవాలి. వేసవిలో అడవులకు నిప్పంటుకునే ప్రమాదం ఉండటంతో చాలాచోట్ల బొగ్గుల పొయ్యి వెలిగించడానికి ఒప్పుకోరు.

లాస్కో గుహకు ఏమైంది?

1940 సెప్టెంబర్. ఫ్రాన్స్ అప్పటికే జర్మనీకి లొంగిపోయింది. మోంటిన్యాక్‌కు చెందిన 18 ఏళ్ల మార్సెల్ రవిదా ఆ నెల 12న మరో ముగ్గురు కుర్రాళ్లతో కలిసి కొండ మీది ఒక కన్నంలోంచి లోపలికి దిగారు. జాక్ మార్సాల్, జార్జ్ అన్యెల్, సిమోన్ కోఎన్కాస్ ఆ మిగతా ముగ్గురు. దీపం వెలుగులో గోడల నిండా జంతువులు కనిపించాయి.

గుహలో వందల కొద్దీ జంతువుల బొమ్మలు, వెయ్యికి పైగా చెక్కుడు గీతలు ఉన్నాయి. ఎద్దుల మందిరంగా పిలిచే భాగంలో ఒక అడవి ఎద్దు బొమ్మే 5 మీటర్లకు పైగా ఉంటుంది. రాతి ఉబ్బును జంతువు పొట్టగా, రాతి అంచును నేలగా వాడుకుంటూ ఆనాటి చిత్రకారులు వీటిని గీశారు.

యుద్ధం ముగిశాక, 1948లో గుహను ప్రజలకు తెరిచారు. లోపలికి సులువుగా వెళ్లడానికి ప్రవేశమార్గాన్ని పెద్దది చేశారు, మెట్లు కట్టారు, దీపాలు పెట్టారు. 1950ల మధ్యకల్లా రోజుకు 1,200 మంది దాకా వచ్చేవారు.

సమస్య అక్కడే మొదలైంది. వేల ఏళ్లుగా గాలి, తేమ, వేడి మారని గదిలోకి రోజూ వందల మంది ఊపిరి, ఒంటి వేడి చేరాయి. మనిషి వదిలే బొగ్గుపులుసు వాయువు తేమతో కలిస్తే కాస్త ఆమ్ల గుణం వస్తుంది. అది సున్నపురాయిని తినేస్తుంది. కరిగిన సున్నం మరోచోట తెల్లటి పొరగా పేరుకుంటుంది. దీనికి 'తెల్ల జబ్బు' అని పేరు పెట్టారు. దీపాల వెలుగుకు, జనం చెప్పులతో వచ్చిన సూక్ష్మజీవులకు గోడల మీద నాచు పట్టింది. దాన్ని 'పచ్చ జబ్బు' అన్నారు.

1963లో అప్పటి సాంస్కృతిక శాఖ మంత్రి ఆంద్రే మాల్రో గుహను మూయించారు. ఊరికి ప్రధాన ఆదాయంగా మారిన గుహను మూయడం చిన్న నిర్ణయమేమీ కాదు.

మూసేసినంత మాత్రాన కథ ముగియలేదు. 2001లో గుహలో తెల్లటి బూజు వేగంగా వ్యాపించింది. గాలి నియంత్రణ యంత్రాన్ని మార్చిన తర్వాత ఇది బయటపడింది. సున్నం, బూజు మందులు వాడి అదుపు చేశారు. తర్వాత కొన్ని గోడల మీద నల్ల మచ్చలు వచ్చాయి. ఇప్పుడు శాస్త్రవేత్తలు, నిర్వహణ సిబ్బంది సైతం లోపల గడిపే సమయానికి కఠినమైన పరిమితులున్నాయి. ఒకసారి చెదిరిన సమతుల్యాన్ని తిరిగి తేవడం ఎంత కష్టమో ఈ గుహే చెబుతోంది.

నకలు చూస్తే చూసినట్టేనా?

గుహ మూసేసిన 20 ఏళ్లకు, 1983లో అసలు గుహకు సుమారు 200 మీటర్ల దూరంలో లాస్కో-2 తెరిచారు. చిత్రకారిణి మోనిక్ పెత్రాల్ ఏళ్ల తరబడి శ్రమించి, ఆదిమానవులు వాడినలాంటి రంగులతోనే అందులోని బొమ్మలు వేశారు. అయితే అది గుహలోని రెండు ముఖ్య భాగాలకే నకలు.

2016 డిసెంబర్‌లో కొండ దిగువన లాస్కో-4 ప్రారంభమైంది. నార్వేకు చెందిన స్నోహెట్టా సంస్థ దీన్ని డిజైన్ చేసింది. లేజర్‌తో కొలిచి, గోడల గరుకుదనంతో సహా గుహను దాదాపు పూర్తిగా తిరిగి నిర్మించారు. లోపల చలిగా, చీకటిగా, తడి వాసనతో ఉంటుంది.

'అసలుది కాదుగా' అనే పెదవి విరుపు చాలామందిలో ఉంటుంది. కానీ అసలు గుహ తెరిచి ఉన్న రోజుల్లో వరుసలో నడుస్తూ కొద్ది నిమిషాలే చూసేవారు. నకలులో ఒక బొమ్మ ముందు కాసేపు నిలబడవచ్చు. పిల్లలు మాట్లాడుకోవచ్చు. గోడకు చేయి తగిలినా 20 వేల ఏళ్ల చరిత్రకు నష్టం లేదు.

అసలు బొమ్మలే చూడాలంటే?

దారులు ఇంకా ఉన్నాయి. వెజేర్ లోయలోని 15 చరిత్రపూర్వ స్థలాలను 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో కొన్నింటిని పర్యటకులు చూడవచ్చు.

లెజేజీ ఊరి దగ్గర ఉన్న ఫోన్ ద గోమ్ గుహ 1901లో వెలుగులోకి వచ్చింది. అందులో రంగురంగుల బైసన్ బొమ్మలున్నాయి. రోజుకు కొద్దిమందినే, చిన్న బృందాలుగా, గైడ్‌తో పంపుతారు. టికెట్లు ముందే అయిపోతాయి. దానికి దగ్గర్లోనే కోంబారెల్ గుహ ఉంది. ఇరుకు దారి. అందులో రంగుల కంటే చెక్కుడు గీతలే ఎక్కువ. గైడ్ టార్చి పక్క నుంచి పట్టినప్పుడు, అప్పటిదాకా ఒట్టి రాయిలా ఉన్న గోడ మీద గుర్రం తల తేలుతుంది.

రూఫిన్యాక్ గుహ ఇందుకు భిన్నం. చాలా పెద్దది. చిన్న ఎలక్ట్రిక్ రైల్లో కూర్చోబెట్టి కిలోమీటరు దాకా లోపలికి తీసుకెళ్తారు. మామత్‌ల బొమ్మలే 150కి పైగా ఉన్నాయి. దారిలో నేల మీద గుంతలు కనిపిస్తాయి. అవి శీతాకాలం నిద్రపోవడానికి గుహ ఎలుగుబంట్లు చేసుకున్న పడకలు.

బొమ్మలు లేకపోయినా లోతు చూడాలనుకునేవారు సరిహద్దు దాటి లోత్ డిపార్ట్‌మెంట్‌లోని పాదిరాక్‌కు వెళ్తారు. నేలలో 75 మీటర్ల లోతున నోరు తెరిచిన బిలం అది. 1889లో ఎదువార్ ఆల్ఫ్రెడ్ మార్తెల్ దాని అడుగుకు దిగి, అక్కడ పారుతున్న నదిని కనుక్కున్నారు. ఇప్పుడు ఆ నదిలో పడవల్లో తిప్పుతారు.

కర్నూలు గుహలతో బంధం ఏమిటి?

మానవ చరిత్ర పుస్తకాల్లో తరచూ కనిపించే కొన్ని పేర్లు ఈ చిన్న లోయలోంచే వచ్చాయి. 1868లో లెజేజీ దగ్గర క్రో మాన్యోన్ అనే చోట పాత అస్థిపంజరాలు బయటపడ్డాయి. యూరప్‌లోని తొలి ఆధునిక మానవులకు క్రో మాన్యోన్ మానవులనే పేరు అలా వచ్చింది. నియాండర్తల్‌ల రాతి పరికరాల సంప్రదాయానికి 'ముస్టీరియన్' అని పేరు. అది లె ముస్తియే ఊరి పేరు. ఎముకలతో సున్నితమైన పనిముట్లు చేసిన సంస్కృతి 'మాగ్దలేనియన్'. అది లా మాదలెన్ అనే రాతి ఆశ్రయం పేరు.

ఈ చివరి పేరుకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ కర్నూలు ప్రాంతంలోని బిల్ల సుర్గం గుహల్లో తవ్వకాలు జరిపారు. ఇవి ఇప్పటి నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర ఉన్నాయి. అక్కడ జంతువుల శిలాజాలతోపాటు ఎముక పనిముట్లు దొరికాయి. వాటిని ఫూట్ ఫ్రాన్స్‌లోని మాగ్దలేనియన్ పనిముట్లతో పోల్చారు.

కారణం ఒక్కటే. అక్కడా సున్నపురాయే, ఇక్కడా సున్నపురాయే. బేలం, బిల్ల సుర్గం గుహలను మలిచింది కూడా అలాంటి నీటి చర్యే.

నదికి అటో కోట, ఇటో కోట

డోర్డోన్‌లో 1,001 కోటలున్నాయని పర్యటక ప్రచారంలో చెబుతారు. అది లెక్క కాదు, నానుడి. కానీ నది వెంట కనోలో సాగితే ఆ నానుడి ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ప్రతి మలుపులోనూ గట్టు మీద ఏదో ఒక బురుజు కనిపిస్తుంది.

వాటిలో రెండింటి కథ ప్రత్యేకం. నదికి ఒక ఒడ్డున బేనాక్, రెండో ఒడ్డున కాస్టెల్‌నో. ఒకదాని మీద నిలబడితే రెండోది కనిపిస్తుంది.

1152లో ఈ ప్రాంతపు వారసురాలు, అక్విటైన్‌కు చెందిన ఎలియనోర్, హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడారు. రెండేళ్లకు ఆయన ఇంగ్లండ్ రాజయ్యారు. దాంతో ఫ్రాన్స్ నైరుతి భాగం మీద ఇంగ్లండ్ రాజులకు హక్కు వచ్చింది. ఆ తగాదా ముదిరి 1337 నుంచి 1453 వరకు నూరేళ్ల యుద్ధంగా సాగింది. ఆ కాలంలో చాలావరకు బేనాక్ ఫ్రాన్స్ రాజు పక్షం, కాస్టెల్‌నో ఇంగ్లండ్ పక్షం. నది సరిహద్దులా మారింది. చివరికి ఇదే నది దిగువన, 1453 జులైలో కాస్తియోన్ దగ్గర జరిగిన పోరులో ఇంగ్లండ్ ఓడిపోయింది.

ఇప్పుడు కాస్టెల్‌నోలో మధ్యయుగాల యుద్ధకళ మ్యూజియం ఉంది. రాళ్లు విసిరే భారీ యంత్రాలను తిరిగి తయారు చేసి ప్రాకారం మీద నిలిపారు. వేసవిలో వాటిని ఎలా వాడేవారో చేసి చూపిస్తారు.

అక్కడికి దగ్గర్లోనే మిలాండ్ కోట ఉంది. దాని కథ రాజులది కాదు. అమెరికాలో పుట్టి, పారిస్ వేదికల మీద పేరు తెచ్చుకున్న నల్లజాతి కళాకారిణి జోసెఫిన్ బేకర్ 1947లో దాన్ని కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె ఫ్రెంచ్ ప్రతిఘటన ఉద్యమానికి పనిచేశారు. వేర్వేరు దేశాలకు చెందిన 12 మంది పిల్లలను దత్తత తీసుకుని ఈ కోటలోనే పెంచారు. మనుషులు జాతి భేదం లేకుండా ఒక ఇంట్లో బతకగలరని చూపించాలన్నది ఆమె కోరిక. అప్పులు పెరిగి కోట అమ్ముడుపోయింది. 1969లో ఆమెను అక్కడి నుంచి ఖాళీ చేయించారు. 2021 నవంబర్ 30న ఫ్రాన్స్ ఆమెకు పారిస్‌లోని పాంథియోన్‌లో చోటిచ్చి గౌరవించింది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

'అందమైన ఊరు' అనే బోర్డు వెనుక

1982లో ఫ్రాన్స్‌లో 'అత్యంత అందమైన గ్రామాలు' అనే సంఘం ఏర్పడింది. కోలోంజ్ లా రూజ్ మేయర్ షార్ల్ సెరాక్ దీనికి ఆద్యుడు. జనం వలస పోయి ఖాళీ అవుతున్న పల్లెలకు ఊపిరి పోయడం దీని ఉద్దేశం. సభ్యత్వం కావాలంటే ఊరి జనాభా 2 వేలు దాటకూడదు. కనీసం రెండు రక్షిత కట్టడాలో, ప్రదేశాలో ఉండాలి. గ్రామ కౌన్సిల్ తీర్మానం చేయాలి.

డోర్డోన్‌లో ఈ గుర్తింపు ఉన్న ఊళ్లు చాలానే ఉన్నాయి. బేనాక్, కాస్టెల్‌నో రెండూ ఆ జాబితాలోనివే. గట్టు మీది డోమ్‌ను 1281లో ఫ్రాన్స్ రాజు మూడో ఫిలిప్ కట్టించారు. మోంపాజియేను 1284లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్థాపించారు. ఇలా ప్లాన్ వేసి కట్టిన ఊళ్లను బాస్టీద్‌లు అంటారు. గళ్ల నుడికట్టులా ఒకదాన్నొకటి నిలువుగా, అడ్డంగా కోసే వీధులు, మధ్యలో సంత చావడి, చుట్టూ వంపుల వరండాలు. స్థలం, కొన్ని పన్ను మినహాయింపులు ఇస్తామని చెప్పి జనాన్ని రప్పించేవారు. రెండు దేశాల రాజులూ ఊళ్లను మాత్రం ఒకే పద్ధతిలో కట్టారు.

లా రోక్ గాజాక్ ఫొటోల్లో ఎక్కువగా కనిపించే ఊరు. నదికి, నిటారు గట్టుకు మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ అందానికి మూల్యమూ ఉంది. 1957 జనవరిలో గట్టు మీది నుంచి భారీ రాతి భాగం విరిగిపడి ముగ్గురు చనిపోయారు. గట్టును ఇప్పటికీ గమనిస్తూనే ఉంటారు.

సార్లా పట్టణానిది మరో దారి. 1950ల నాటికి అక్కడి పాత ఇళ్లు శిథిలావస్థకు చేరాయి. 1962 ఆగస్టులో ఫ్రాన్స్ ఒక చట్టం తెచ్చింది. ఒక్కో కట్టడాన్ని కాకుండా మొత్తం పాత పేటనే రక్షించడం దాని ప్రత్యేకత. తెచ్చింది లాస్కోను మూయించిన ఆంద్రే మాల్రోయే. ఆ చట్టాన్ని మొదట అమలు చేసిన పట్టణాల్లో సార్లా ఒకటి.

కానీ రాయి నిలబడినంత మాత్రాన ఊరు నిలబడదు. ఆగస్టులో నడవడానికి చోటు దొరకని వీధులు జనవరిలో బోసిపోతాయి. తలుపులు మూసిన ఇళ్లలో చాలావరకు వేసవికి మాత్రమే తెరుచుకునేవి. విదేశీయులు, ముఖ్యంగా బ్రిటిష్ వాళ్లు ఇక్కడ ఇళ్లు కొనుక్కోవడం ఎంత పెరిగిందంటే, ఇంగ్లండ్ పత్రికలు ఈ ప్రాంతాన్ని సరదాగా 'డోర్డోన్‌షైర్' అంటుంటాయి.

నదిలో ఆగిపోయిన వంతెన

ఈ చిక్కు కోర్టు దాకా వెళ్లిన ఉదంతమూ ఉంది. బేనాక్ ఊరి గుండా ఒకే రోడ్డు ఉంది. ఒక పక్క గట్టు, మరో పక్క నది. వేసవిలో అక్కడ వాహనాలు బారులు తీరుతాయి. దీంతో నది మీద వంతెనలతో బైపాస్ రోడ్డు కట్టాలని డిపార్ట్‌మెంట్ పాలకమండలి నిర్ణయించింది. 2018లో పనులు మొదలయ్యాయి.

లోయ అందం చెడుతుందని, రక్షిత జీవజాతులకు ముప్పని పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి. 2018 డిసెంబర్‌లో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం పనులు ఆపేయించింది. 2019 ఏప్రిల్‌లో బోర్డో కోర్టు అనుమతిని రద్దు చేసింది. అప్పటికే కట్టిన వాటిని కూల్చి, ఆ చోటును పూర్వస్థితికి తేవాలని ఆదేశించింది. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పీలు కోర్టు కూడా దీన్నే సమర్థించింది. అప్పటికి వంతెన స్తంభాలు నదిలో లేచి ఉన్నాయి.

రోడ్డు కావాలన్నవారి వాదనలోనూ పస ఉంది. ఇంటి గుమ్మం ముందే రోజంతా కార్ల పొగ పీల్చేది స్థానికులే. వద్దన్నవారి వాదనా కాదనలేనిది. ఈ లోయకు అన్నం పెడుతున్నదే దాని రూపం. 2012 నుంచి డోర్డోన్ నదీ పరీవాహకం యునెస్కో జీవావరణ రిజర్వు కూడా.

పళ్లెంలో ఏముంటుంది?

ఇక్కడి వంటకు ఆధారం బాతు. దాని కొవ్వులోనే ముక్కలను నెమ్మదిగా ఉడికించి నిల్వ చేసేది కోన్ఫి. ఫ్రిజ్‌లు లేని కాలంలో మాంసాన్ని చలికాలమంతా దాచుకోవడానికి కనిపెట్టిన పద్ధతి ఇది. నూనెలో ఊరగాయ నిల్వ ఉన్నట్టే, కొవ్వు గాలి తగలనివ్వదు.

శాకాహారులు ఒక విషయం గమనించాలి. సార్లా పేరుతో వచ్చే బంగాళదుంప వేపుడు చూడటానికి మన ఇంటి వేపుడులాగే ఉంటుంది. కానీ దాన్ని వేయించేది బాతు కొవ్వులో. పెరిగోర్ సలాడ్‌లో ఆకుల మధ్య బాతు కందనకాయలు ఉంటాయి. చాలా సంప్రదాయ చీజ్‌ల తయారీలో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. అడిగి తినడం మంచిది.

వాల్‌నట్‌లు, స్ట్రాబెర్రీలు ఇక్కడి పంటలు. పెరిగోర్ వాల్‌నట్‌కు 2002లో ఫ్రాన్స్ ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. మన బంగినపల్లి మామిడికి జీఐ గుర్తింపు ఉన్నట్టే. నూనె, కేకు, తీపి సారాయి, అన్నింటిలోనూ వాల్‌నట్ ఉంటుంది. నల్ల ట్రఫుల్‌కూ పెద్ద పేరే. అయితే ఓక్ చెట్ల వేర్ల దగ్గర పెరిగే ఈ శిలీంధ్రం దొరికేది చలికాలంలోనే. వేసవిలో అమ్మేది వేరే జాతి. వాసన, ధర రెండూ తక్కువ.

వెల్లుల్లి సూప్ తాగడంలో పల్లెటూరి పద్ధతి ఒకటుంది. గిన్నె అడుగున కొంచెం మిగిలినప్పుడు అందులో ఎర్ర వైన్ పోసి, గిన్నె ఎత్తి తాగేస్తారు. దీన్ని షాబ్రోల్ అంటారు.

జులై, ఆగస్టుల్లో చాలా ఊళ్లలో వారానికో రాత్రి తినుబండారాల సంత జరుగుతుంది. చావడి చుట్టూ పొడవాటి బల్లలు వేస్తారు. క్యాంప్‌సైట్ల నుంచి జనం తమ పళ్లేలు, చెంచాలు వెంట తెచ్చుకుంటారు. ఒక కొట్లో సూప్, మరో కొట్లో మాంసం, ఇంకో కొట్లో చీజ్ కొనుక్కుని ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చుని తింటారు.

ఫ్వా గ్రా వివాదం

ఈ ప్రాంతపు అతి ఖరీదైన వంటకం మీదే అతి పెద్ద వివాదం ఉంది. ఫ్వా గ్రా అంటే కొవ్వు పట్టిన కాలేయం. బాతు జీవితంలో చివరి రెండు వారాల్లో గొట్టం ద్వారా మొక్కజొన్నను గొంతులోకి పంపి, కాలేయాన్ని మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగేలా చేస్తారు.

ఇది క్రూరత్వమని జంతు సంక్షేమ సంఘాలు అంటాయి. బ్రిటన్, జర్మనీ, ఇటలీ సహా అనేక దేశాల్లో ఇలాంటి పెంపకానికి అనుమతి లేదు. భారత్ 2014లో ఫ్వా గ్రా దిగుమతినే నిషేధించింది. కాబట్టి అక్కడి సంతలో కొన్న డబ్బాను సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చుకోవడం కుదరదు.

ఫ్రాన్స్ మాత్రం 2006లో దీన్ని తమ సాంస్కృతిక, పాకశాస్త్ర వారసత్వంలో భాగమని చట్టంలోనే రాసుకుంది. వేల రైతు కుటుంబాలు దీని మీద ఆధారపడటం ఒక కారణం. బర్డ్ ఫ్లూతో పదేపదే నష్టపోవడంతో 2023 అక్టోబర్ నుంచి అక్కడ బాతులకు టీకాలు వేయడం కూడా మొదలుపెట్టారు.

వెళ్లాలనుకునేవారికి

యూరప్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది కారులో చేరుకోగల సెలవు. భారత్ నుంచి వెళ్లేవారికి షెంజెన్ వీసా కావాలి. 180 రోజుల్లో గరిష్ఠంగా 90 రోజులు ఉండొచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. బస ఎక్కడో ఆధారం చూపాలి.

పారిస్ నుంచి బోర్డోకు వేగవంతమైన రైల్లో రెండు గంటల చిల్లర. అక్కడి నుంచి సార్లాకు స్థానిక రైలు ఉంది. కానీ పల్లెల మధ్య బస్సులు తక్కువ. కారు లేకపోతే ఒక ఊరినే కేంద్రంగా పెట్టుకుని, కనో, సైకిల్ మీద తిరగడం మేలు.

జులై 14 నుంచి ఆగస్టు చివరి వరకు రద్దీ విపరీతం. జూన్‌లోగానీ, సెప్టెంబర్‌లోగానీ వెళ్తే ఎండ తక్కువ, ధర తక్కువ, చోటు ఎక్కువ. గుహల టికెట్లు మాత్రం ముందే తీసుకోవాలి. బయట ఎంత ఎండ ఉన్నా గుహలో 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి స్వెటర్ తప్పనిసరి.

మనకేం చెబుతుంది?

ఇలాంటి ప్రశ్నలు భారత్‌కు కొత్త కాదు. అజంతాలో బొమ్మలను కాపాడటానికి గుహల్లోకి ఒకసారి వెళ్లేవారి సంఖ్య మీద పరిమితి పెట్టారు. దగ్గర్లోని సందర్శకుల కేంద్రంలో నాలుగు గుహల నకళ్లు కట్టారు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కాకు 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తెలంగాణలోని పాండవుల గుట్టలో, కర్నూలు జిల్లా కేతవరంలో ఆదిమానవుల బొమ్మలు రాతి మీద ఆరుబయటే ఉన్నాయి. వాటికి తలుపు వేయడం కూడా కుదరదు.

డోర్డోన్ దగ్గర అన్నింటికీ జవాబులు లేవు. గుహను మూసి నకలు కట్టింది. వీధుల్ని కాపాడుకుంది కానీ శీతాకాలంలో ఆ వీధుల్లో దీపాలు వెలిగించే మనుషులను నిలుపుకోలేకపోతోంది. రోడ్డు విషయంలో తనలో తానే తగవు పడింది. బాతు విషయంలో ప్రపంచంతో తగవు పడుతోంది.

అయితే ఒక్క పని మాత్రం చాలామంది కంటే ముందు చేసింది. జనం బారులు తీరి, డబ్బులు వస్తున్న రోజుల్లోనే గుహ తలుపు వేసింది. బొమ్మలు పూర్తిగా పోయాక వేసి ఉంటే, ఇప్పుడు నకలు తీయడానికి కూడా ఏమీ మిగిలేది కాదు.